ఆ కాగితం ముక్క తెచ్చిచ్చిన పెద్దావిడకి

రాత్రి పదకొండు దాటింది. పాప నా పక్కనే పడుకుంది, నాకే నిద్ర రావడం లేదు. ఇప్పుడు రాయకపోతే రేపు ఆఫీసు పనిలో పడి రాయలేను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేముండేది డల్లాస్ శివార్లలో. ఈరోజు పొద్దున పాప స్కూలు పక్కన రోడ్డు తవ్వుతుంటే గ్యాస్ పైపు తెగింది. పిల్లలందర్నీ బస్సులెక్కించి ఇంకో స్కూలు జిమ్‌కి తీసుకెళ్లారు. మెసేజ్ వచ్చేసరికి నేను గంట దూరంలో ఆఫీసులో ఉన్నాను, ఆయన ఇండియాలో ఉన్నారు. ఇంట్లో అత్తయ్య ఒక్కరే.

కారు నడుపుతున్నంతసేపూ ఒకటే గుర్తుకొచ్చింది. 1937 మార్చి 18న ఇదే టెక్సస్‌లో, న్యూ లండన్ అనే ఊళ్లో, స్కూలు కింద గ్యాస్ చేరి పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. అప్పట్లో ఆ గ్యాస్‌కి వాసన ఉండేది కాదు, ఎవరికీ తెలియలేదు. వాసన కలిపి తీరాలని ఇక్కడ చట్టం వచ్చింది ఆ తర్వాతే. ఈరోజు మా పిల్లల టీచర్లని కదిలించింది ఆ వాసనే.

జిమ్ దగ్గర అత్తయ్య వరుసలో నిలబడి పాస్‌పోర్టు చూపించారు. అందులో ఉన్నది మా ఇంటిపేరు. పాప రికార్డులో ఇంటిపేరు గడిలో ఉన్నది వాళ్ల నాన్న పేరు. పైగా పాపని ఎవరికి అప్పగించవచ్చో రాసిన లిస్టులో అత్తయ్య పేరే లేదు. బల్ల దగ్గరున్నతను కుదరదన్నాడు. అత్తయ్యకి ఇంగ్లీషు అంతంతమాత్రం. "నో" అన్నది ఒక్కటే అర్థమై, పాపకేదో అయిందనుకుని అక్కడే కూలబడిపోయారట.

అప్పుడు వచ్చారట ఆవిడ. స్కూలు క్యాంటీన్లో వడ్డించే పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి. రోజూ మా పాపకి మాంసం లేని చీజ్ శాండ్‌విచ్ విడిగా తీసిపెట్టేది ఈవిడే. అడగకుండా పేరు రాయడం పద్ధతి కాదు కాబట్టి రాయడం లేదు. ఇలాంటప్పుడు ఆవిడ పని రన్నర్. అంటే తల్లిదండ్రులు నింపిచ్చిన చీటీ పట్టుకుని లోపలికెళ్లి, ఆ బిడ్డని వెంటబెట్టుకు రావడం. చీటీ లేకుండా పాపని బయటికి తేకూడదు. తేలేదు కూడా. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, లోపలికెళ్లి "మీ నానమ్మకి వచ్చిన భాషలో ఒక్క మాట రాయి తల్లీ" అని పాపని అడిగారట. కాగితం ముక్క పట్టుకొచ్చి అత్తయ్య చేతిలో పెట్టారు. మనబడిలో, అంటే ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే బడిలో, నేర్చుకున్న వంకర అక్షరాలు: "నానమా నేను బాగునాను". ఒత్తులు లేవు. అత్తయ్య అది కళ్లకద్దుకుని భోరున ఏడ్చేశారట.

నేను వెళ్లేసరికి ఒంటిగంట. నా కార్డు చూశారు, రెండు నిమిషాల్లో పాప నా చేతుల్లో ఉంది. తీసుకొచ్చింది ఆవిడే. ఆవిడ మనవడు కూడా అదే జిమ్‌లో ఉన్నాడని, "పిల్లలందరూ వెళ్లాక మనం వెళదాం" అని వాడిని పొద్దుటినుంచీ కూర్చోబెట్టారని తర్వాత తెలిసింది. ఆవిడ చేతులు పట్టుకుని నిలబడిపోయాను. నోట మాట రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇలా పని పంచుకునే పద్ధతిని ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ అంటారు. 1970లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు 13 రోజుల్లో 16 మందిని పొట్టన పెట్టుకున్నాయి. అప్పుడు ఎవరి మాట ఎవరు వినాలో తెలియని గందరగోళం చూశాక ఫైర్ వాళ్లు తయారు చేసుకున్నది, తర్వాత స్కూళ్లకీ వచ్చింది. ఈరోజు కళ్లారా చూశాను. ప్రిన్సిపాల్ మేడమ్ అటూ ఇటూ పరిగెత్తలేదు. ఫైర్ కెప్టెన్‌తో ఒకే బల్ల దగ్గర నిలబడ్డారు, గ్యాస్ సంగతి ఆయన, పిల్లల సంగతి ఆవిడ. ఒకరి కింద ఐదుగురు, మహా అయితే ఏడుగురు. వైస్ ప్రిన్సిపాల్ నీళ్ల సీసాలు మోస్తుంటే, క్యాంటీన్ ఆవిడ రన్నర్లందరికీ పని చెబుతున్నారు. జాకెట్ మీద ఏం రాసి ఉంటే అదే ఆ పూటకి హోదా.

కానీ ఒక మాట అనకుండా ఉండలేను. అత్తయ్య పేరు ఆగస్టులోనే ఆన్‌లైన్ ఫామ్‌లో నేనే ఎక్కించాను. ఈరోజు ప్రింటులో లేదు. ఎందుకు లేదని అడిగితే జవాబు లేదు. కుదరదన్నతని తప్పు కాదు, ఎవరికి పడితే వారికి ఇవ్వకపోవడమే నాకూ కావాలి. కానీ డ్రిల్లులు పిల్లలకే చేయిస్తారు. రోజూ గేటు దగ్గర నిలబడే తాతయ్యలకి, నానమ్మలకి ఏ కార్డు తేవాలో ఎవరూ చెప్పరు. ఫోన్లో వచ్చిన మెసేజ్ ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంది, అంతే. మన పేర్లు వాళ్ల గడుల్లో పట్టవని ఇన్నేళ్లయినా తెలియదా?

అత్తయ్యకి, అక్కడినుంచే ఫోన్ మీద ఫోన్ చేసి ధైర్యం చెప్పిన ఆయనకి, మా తమ్ముడికి థాంక్స్.

అయ్యో, అత్తయ్యని కారులో దింపిన మా వీధి గుజరాతీ ఆంటీని మర్చిపోయాను. బస్సు డ్రైవర్ని కూడా, దారంతా పిల్లల చేత పాటలు పాడించాడట. పాప ఇప్పుడే నిద్రలో కదిలితే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ కాగితం మీద రాయడానికి పాపకి పెన్సిల్ ఇచ్చింది ఐదో తరగతి పిల్లాడట. ఎవరబ్బాయో తెలిస్తే చెప్పండి. పెన్సిల్ ఇంకా పాప జేబులోనే ఉంది, తిరిగివ్వాలి.