నల్లుల విషయం, అందరూ ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. మా ఫ్లాట్‌లో నల్లులు పడ్డాయి. చెప్పడానికి మొహమాటంగానే ఉంది, కానీ దాచిపెడితే గోడ పగుళ్లలోంచి పక్కింటికీ పాకుతాయి. ఇదేమీ శుభ్రత లేక వచ్చేది కాదండీ, 2023లో పారిస్ నగరమే వీటితో గగ్గోలెత్తిపోయింది.

మావాడు అమీర్‌పేటలో రూమ్ ఖాళీ చేసి తెచ్చిన పరుపుతో వచ్చాయి. పది రోజులు దోమలే అనుకున్నాం. చివరికి రాత్రి రెండింటికి ఫోన్ లైటు వేసి చూస్తే పరుపు కుట్టు వెంట మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. మంచం స్క్రూ రంధ్రంలో చింతపిక్క రంగు నల్లి! నలిపితే అదే పాత కంపు, చిన్నప్పటి నవారు మంచాలు గుర్తొచ్చాయి.

పరుపు డాబా మీద ఎండేశాం, లోపలికి దూరి కూర్చున్నాయి. దుప్పట్లు మాత్రం 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే చస్తాయి. మామూలు స్ప్రేకి గుడ్లు సరిగా చావవు, వారం పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అందుకే రెండు వారాల తేడాతో మళ్లీ కొట్టించాలి. ఒక్కసారికే గ్యారంటీ అన్నవాణ్ణి నమ్మి డబ్బులు పోగొట్టుకున్నాం. తాళం వేసి ఊరెళ్తే పోతాయనుకోకండి, తిండి లేకుండా నెలలు బతుకుతాయి. కిరోసిన్ జోలికి అసలు పోవద్దు.

ఆదివారం మాకు రెండో స్ప్రే. పక్క, కింది ఫ్లాట్లవాళ్లు కలిస్తే రేటు నేను మాట్లాడతాను. మెట్ల కింద కవర్‌లో చుట్టిన పరుపు మాదే, బాగుంది కదా అని ఎవరూ తీసుకెళ్లకండి.