షికాగో చేరిన మాధవికి

చిరంజీవి మాధవికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలో ఆకాశహర్మ్యాలను చూసి మీ అమ్మ మురిసిపోయింది. నా చూపు మాత్రం కింద వీధి మీదే నిలిచింది. మురుగు కాలువలకు వాలు లెక్కలు కట్టడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కదా!

నువ్వు నడుస్తున్నది అసలు నేల కాదమ్మా. 1837లో షికాగో నగరమైనప్పుడు జనం నాలుగు వేలు. 1848లో పక్కనున్న మిషిగన్ సరస్సును మిసిసిపీ వైపు నదులతో కలుపుతూ కాలువ తవ్వారు, ఆ ఏడే రైలూ వచ్చింది. గోధుమలు, కలప, పశువులు, మనుషులు, అన్నీ అక్కడికే. 1860కల్లా జనం లక్ష దాటారు. ఊరేమో సరస్సు మట్టానికి కాస్తంత ఎత్తు. మురుగు పారడానికి వాలు లేదు. 1854లో కలరా ఊడ్చిపెట్టింది.

చెస్‌బ్రో అనే ఇంజనీరు చెప్పిన ఉపాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. లోతుకు తవ్వే వీలు లేదు కాబట్టి గొట్టాలను వీధి మీదే పరిచి, పైన మట్టి పోసి, ఊరినే ఎత్తారు. మరి భవనాలు? కింద స్క్రూ జాకీలు పెట్టి లేపారు. 1860లో లేక్ స్ట్రీట్‌లో ఒక వరుస భవనాలను ఆరు వందల మంది, ఆరు వేల జాకీలతో, ఐదు రోజుల్లో నాలుగున్నర అడుగులకు పైగా ఎత్తారు. లోపల దుకాణాల్లో బేరాలు సాగుతూనే ఉన్నాయి!

అయినా మురుగు షికాగో నదిలోకి, నది సరస్సులోకి, తాగునీరు ఆ సరస్సులోంచే. చివరికి 1900లో నదినే వెనక్కి మళ్లించారు. షికాగో బతికింది, మురుగు సెయింట్ లూయిస్ దిక్కుకు పోయింది. ఆ ఊరున్న మిస్సోరీ రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కి ఓడిపోయింది. ఆ పనితనానికి దండం పెడతాను. కానీ మన మురుగును దిగువ ఊళ్ల మీదికి వదిలిపెట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. మూసీ విషయంలో మనం చేసిందీ అదే.

మనుషుల విషయంలోనూ అన్యాయం జరిగింది. దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన నల్లజాతివారిని కొన్ని పేటల్లోనే ఇరికించారు. 1930లలో ఇళ్ల అప్పుల కోసం గీసిన పటాల్లో ఆ పేటలకు, అప్పివ్వడం ప్రమాదమన్న గుర్తుగా, ఎర్ర రంగు పూశారు. పెద్ద రహదారులు పడ్డాక శ్వేతజాతీయులు శివార్లకు తరలిపోయారు. 1950లో 36 లక్షలున్న నగర జనాభా 2020కి 27 లక్షలకు దిగింది. ఇల్లు వెతుకుతున్నప్పుడు ఎవరైనా ‘ఆ పేట మంచిది కాదు’ అంటే, అది ఎందుకలా అయిందో తెలుసుకోకుండా తల ఊపకు.

మరో మాట. ఆ నగరంలో వాననీరు, మురుగు చాలాచోట్ల ఒకే గొట్టంలో పోతాయి. గట్టి వానకు నేలమాళిగల్లోకి వెనక్కి తన్నుతుంది. కింది అంతస్తు తీసుకునేటట్లయితే సంతకం పెట్టే ముందు ఆ సంగతి అడుగు.

ప్రేమతో,
నాన్న