సంభావ్యతను చేసి చూపి నేర్పాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి గణితంలోని సంభావ్యత అధ్యాయం మన బడులలో నాణెం, పాచిక, పేకముక్కల లెక్కలను వల్లె వేయించడంతోనే ముగిసిపోతున్నదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

ఇటీవల మా మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద చింతగింజ దాచాను. ఒక అమ్మాయి ఒక గ్లాసును ఎంచుకున్నాక, గింజ ఎక్కడుందో తెలిసిన నేను మిగతా రెండింటిలో ఖాళీదాన్ని ఎత్తి చూపి, "ఇప్పుడు మారుస్తవా బిడ్డా, దాని మీదనే ఉంటవా?" అని అడిగాను. మిగిలినవి రెండే గనుక మార్చినా మార్చకున్నా సగం సగమేనని తరగతి అంతా ఒక్క గొంతుతో చెప్పింది. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. 1990లో ఇటువంటి ప్రశ్నకే శీర్షికా రచయిత్రి మార్లిన్ వాస్ సావంత్ అమెరికాలోని పరేడ్ పత్రికలో మార్చుకోవడమే మేలని జవాబిచ్చినప్పుడు దాదాపు పదివేల ఉత్తరాలు వచ్చాయి. ఆమెను తప్పుపట్టినవారిలో గణిత ఆచార్యులూ ఉన్నారు. పాల్ ఎర్డిష్ అంతటి గణితవేత్త సైతం కంప్యూటరు మీద ఆడించి చూపేదాకా ఒప్పుకోలేదు.

అందుకే వాదించకుండా పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి ఆడించాను. పీరియడు ముగిసేసరికి నల్లబల్ల మీద, మార్చినవారి గెలుపు గీతలు మార్చనివారి గీతలకు దాదాపు రెట్టింపయ్యాయి. మొదటి ఎంపిక మూడింట రెండుసార్లు తప్పే అవుతుంది. అలా తప్పిన ప్రతిసారీ, ఖాళీ గ్లాసునే వెతికి ఎత్తే మనిషి గింజ ఉన్నదాన్ని తాకకుండా వదిలేస్తాడు.

అప్పుడు వెనుక బల్ల నుంచి ఒక బాలుడు "సార్, మీకు గూడ తెల్వకుండ ఎత్తితే?" అని అడిగాడు. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి ప్రశ్న అరుదుగా విన్నాను. తెలియకుండా ఎత్తిన గ్లాసు ఖాళీగా కనిపిస్తే మాత్రం అవకాశాలు నిజంగానే సగం సగం. కంటికి కనిపించేది ఒకటే అయినా, ఎత్తినవారికి ముందే తెలుసా లేదా అన్నదానిని బట్టి లెక్క మారిపోతుంది. పుస్తకంలోని అభ్యాసాలు ఎన్ని చేసినా ఆ బాలుడికి ఈ ప్రశ్న తట్టేది కాదని నా నమ్మకం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ అధ్యాయంలో కనీసం రెండు పీరియడ్లను ఇటువంటి ప్రయోగాలకు కేటాయించాలని, వచ్చే ఉపాధ్యాయ శిక్షణలో దీనిని చేసి చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కావలసినవి మూడు గ్లాసులు, ఒక చింతగింజ.

ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా