తోపూరు ఎక్కడుందో చూసి బాణం గీయండి

సంపాదకులకు నమస్కారం.

చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాయల వారసత్వ యుద్ధం మీద ఒక పటం ఈమధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. బడిపిల్లలు ప్రాజెక్టు పనికి దాన్నే ప్రింటు తీసుకుంటున్నారు. రంగులకేం, బాగానే వేశారు.

సేనల దారి చూపే బాణం మాత్రం తమిళనాడు ధర్మపురి జిల్లా తోపూరు కనుమ దగ్గర ఆగింది. పేరు కలిసింది కదా అని పెట్టేసినట్టుంది. 1614లో వెంకటపతి రాయలు పోయాక గొబ్బూరి జగ్గరాయడికీ వెలుగోటి యాచమనాయకుడికీ రేగిన పోరు తేలింది కావేరి ఒడ్డు తోపూరులో. అది తిరుచ్చికి తూర్పున, కావేరి మీది పాత ఆనకట్ట కల్లణై దగ్గర. రెండు తోపూర్ల మధ్య వంద కిలోమీటర్లకు పైమాటే. యాచమనాయకుడికి అండ తంజావూరు రఘునాథ నాయకుడు, జగ్గరాయడికి మదురై, జింజి నాయకులు. ఈ మూడు ఊళ్లూ పటం మీద పెట్టి చూసినా సేనలు కావేరి దగ్గరెందుకు చేరాయో తెలిసేది.

పటం మీద '10 లక్షల సైన్యం' అని కూడా అచ్చేశారు. ఆ అంకె పోర్చుగీసు పాద్రి బర్రాదాస్ 1616 డిసెంబరు 12 నాటి లేఖలోది. తిరుచ్చి మైదానాల్లో సేనలు దిగాయని విని రాసిన మాటే గాని తలలు లెక్కపెట్టింది కాదు. రామభద్రాంబ సంస్కృత కావ్యం రఘునాథాభ్యుదయంలో యుద్ధ వర్ణన ఉంది, కానీ ఆమె గెలిచిన రఘునాథుడి ఆస్థాన కవయిత్రి. అమెరికా అంతర్యుద్ధానికైతే ఇరుపక్షాల సైనిక నివేదికలూ 1880 నుంచి 1901 దాకా 128 పుస్తకాలుగా అచ్చయ్యాయి, పటాలకు వేరే అట్లాసు. మనకు ఆ భాగ్యం లేదు. అందుకే ఆధారం ఉన్న చోట నిండు గీత, ఊహించిన దారికి చుక్కల గీత వేయాలి. చంద్రగిరి నుంచి తిరుచ్చికి నేటి హైవేను దిద్దేసి సేనలు నడిచిన దారి అనడం కుదరదు.

తేదీ దగ్గరా జాగ్రత్త కావాలి. ఈ యుద్ధం నాటి నల సంవత్సరం, శక 1538, ఇంగ్లీషు లెక్కలో 1616 వసంతం నుంచి 1617 మార్చి దాకా వస్తుంది. శకానికి కళ్లు మూసుకుని 78 కలిపితే జనవరి తర్వాతి సంగతులు ఏడాది వెనక్కి పోతాయి. తోపూరు యుద్ధం ఒకచోట 1616, మరోచోట 1617 అని కనబడుతుంది, కాబట్టి '1616-17' అని వేయడమే మేలు.

ఇంకో చిన్న సంగతి. పటం మూల స్కేలు '1:2,50,000' అని రాసి వదిలేశారు. ఫోనులో సాగదీసినా, ఏ4 మీద కుదించినా ఆ అంకె అబద్ధమైపోతుంది. కిలోమీటర్లు గుర్తుపెట్టిన కొలబద్ద గీత వేస్తే పటంతోపాటే అదీ పెరుగుతుంది, తరుగుతుంది. ఈసారి ప్రింటు తీసే మాస్టార్లు పటానికి ఆ గీత ఉందో లేదో ముందు చూడాలని మనవి.

— ఒక పాఠకుడు, తిరుపతి