పాత కంప్యూటర్ చప్పుళ్ల విషయంలో మేము చేసిన పొరపాటు, ఇకపై మా పద్ధతి

అనంతపురం నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ మా దుకాణానికి కంప్యూటర్లు తెచ్చే వారందరికీ నమస్కారం. చప్పుడు వస్తోందని మీరు తెచ్చే పాత కంప్యూటర్లను చూసే పద్ధతినీ, దానికి తీసుకునే చార్జీనీ ఈ నెల నుంచి మార్చాము. ఎందుకు మార్చామో చెప్పకుండా కొత్త రేట్ల కాగితం గోడకు అంటించి ఊరుకుంటే అది న్యాయం కాదు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన ఆషాఢంలో, వేరుశనగ విత్తే రోజుల్లో, విత్తనాలు ఎరువుల దుకాణం నడిపే ఒక పెద్దాయన తన కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని తెచ్చారు. అది 2012లో మేమే అసెంబుల్ చేసి ఇచ్చినది. "ఏమప్పా, లోపల ఎవురో తలుపు తట్టినట్ల టకటకమంటాంది, మల్లా గరగరమంటాంది, రోంత సూడు" అని ఆయన చెప్పారు. మా రిజిస్టర్‌లో మా కుర్రవాడు రాసింది మాత్రం "సౌండ్ ప్రాబ్లమ్" అన్న రెండే మాటలు. క్యాబినెట్ తలుపు తీసి చూస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య ఎర్రటి దుమ్ము పీచు కట్టి, గాలి దూరే సందు కూడా లేకుండా ఉంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టి, ఫ్యాన్ ఇరుసు తిరిగే బుష్‌లో రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసేసరికి గరగర ఆగిపోయింది. 250 రూపాయలు తీసుకుని పంపించాను.

నాలుగో రోజు ఆ కంప్యూటర్ విండోస్ దాకా వెళ్లలేదు. హార్డ్ డిస్క్ పోయింది. ఆయన రెండు చప్పుళ్లు చెప్పారు, నేను విన్నది ఒక్కటే. ఫ్యాన్ గరగర డిస్క్ టకటకను కప్పేసింది, ఫ్యాన్ బాగయ్యాక మిగిలిన టకటకను మా వీధిలోని ఆటోల హారన్లు కప్పేశాయి. ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రాంలో ఏప్రిల్ నుంచి రాసుకున్న అమ్మకాలు, రైతులకు ఇచ్చిన అప్పుల లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి, వేరే చోట కాపీ లేదు. బిల్లు పుస్తకాల కార్బన్ నకళ్లు ఉండబట్టి సరిపోయింది. నేనూ మా కుర్రవాడూ దుకాణం మూశాక ఆయన దగ్గరికి వెళ్లి, 17 సాయంత్రాలు కూర్చుని ఆ నకళ్లు చూసి లెక్కలన్నీ మళ్లీ ఎక్కించాము. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, రోజూ టీ తెప్పించారు, అది ఇంకా కష్టంగా అనిపించింది. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చాను, కొత్త డిస్క్‌కు కూలి తీసుకోలేదు. అయినా, డిస్క్ నాలుగు రోజుల ముందు మా బల్ల మీద ప్రాణంతో ఉండగా కాపీ తీసి ఉంటే ఈ పని ఒక పూటలో అయిపోయేది.

ఆ డిస్క్ ఎందుకు తట్టినట్టు చప్పుడు చేస్తుందో చెబితే, మిగిలిన చప్పుళ్ల కన్నా దీనికి మేము ఎందుకు భయపడుతున్నామో మీకు అర్థమవుతుంది. బల్ల మీద పెట్టుకునే కంప్యూటర్లలో ఉండే మామూలు హార్డ్ డిస్క్ లోపలి పళ్లేలు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 చుట్లు తిరుగుతాయి. వాటి మీద సమాచారాన్ని చదివే హెడ్ పళ్లేన్ని తాకకుండా, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో తేలుతూ ఉంటుంది. తాను ఎక్కడ ఉన్నదీ తెలుసుకోవడానికి పళ్లెం మీద ముందే రాసి ఉన్న గుర్తులను అది చదవాలి. హెడ్ దెబ్బతిన్నా, పళ్లెం మీద ఆ భాగం పాడైనా గుర్తులు అందవు, అప్పుడు హెడ్ వెనక్కి తన చోటికి పోయి మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. ఆ రాకపోకల్లో పడే దెబ్బే మీరు వినే టక్, టక్. ఒకే వరుసలో, ఒకే ఎడంతో, గడియారం కొట్టినట్టు ఆ చప్పుడు వస్తూ ఉంటే డిస్క్ ఇంకా ఎంతసేపు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు, అది తిరిగే ప్రతి నిమిషమూ మీ ఫైళ్ల ఖాతాలో ఖర్చయ్యేదే.

అయితే టక్కుమన్న ప్రతి డిస్కూ పోయినట్టు కాదు. కంప్యూటర్ ఆపేటప్పుడు హెడ్ తన చోట కూర్చుంటూ ఒక్కసారి టక్కుమనడం సహజం. కరెంటు చాలకపోయినా డిస్క్ తిరగబోయి ఆగి, మళ్లీ తిరగబోతూ టకటకలాడుతుంది. అందుకని మేము ముందుగా, కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి డిస్క్‌కు వచ్చే 12 వోల్టుల తీగను మల్టీమీటర్‌తో చూస్తాము, అది 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. పదేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్‌లలో కరెంటు వాడకం పెరగగానే ఆ వోల్టేజి దిగజారడం మేము చాలాసార్లు చూశాము. కరెంటు సరిగానే ఉంటే, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కలను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో చదువుతాము. అందులో 05, సీ5, సీ6 అన్న మూడు వరుసలు ముఖ్యం. పాడైపోయి వేరే చోటికి మార్చిన భాగాలు, చదవడం కష్టమై అనుమానంలో పెట్టినవి, బొత్తిగా చదవలేనివి ఎన్నో అవి చెబుతాయి. సీ5 వరుస సున్నా దాటి ఉంటే, చప్పుడు ఉన్నా లేకపోయినా, మేము ఆ డిస్క్‌ను నమ్మము. ఆ లెక్కలు శుభ్రంగా ఉన్నంత మాత్రాన డిస్క్ క్షేమమని కూడా అనుకోము, చెవికి వినిపించింది ఆ పట్టికకు అందని సందర్భాలూ ఉన్నాయి.

ఇక ఫ్యాన్ల సంగతి. మా దగ్గరికి వచ్చే చప్పుళ్లలో ఎక్కువ భాగం ఇవే, అందుకే అలవాటుగా ప్రతిదీ ఫ్యానే అనుకున్నాము. మన జిల్లాలో వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆషాఢ శ్రావణాల్లో కొండల మీద గాలిమరలు తిరిగే ఆ గాలే మన కిటికీల్లోంచి ఎర్రమట్టిని తెచ్చి క్యాబినెట్‌లో పోస్తుంది. దుమ్ము పేరుకుంటే వేడి పోదు, వేడి పోకపోతే మదర్‌బోర్డ్ ఫ్యాన్ వేగం పెంచుతుంది, అప్పుడు బుయ్యిమని రొద వస్తుంది. ఇది ఫ్యాన్ రోగం కాదు, ఫ్యాన్ తన పని తాను చేస్తున్నట్టు. ఎండాకాలంలో గది లోపలే 38 డిగ్రీలు ఉన్నప్పుడు కొంత రొద తప్పదు, దానికి మా దగ్గర మందు లేదు. గరగర వేరు. పొద్దున ఆన్ చేయగానే గరగరమని, పది నిమిషాలకు కాస్త సర్దుకుంటే అది ఫ్యాన్ బుష్ ఎండిపోయిన గుర్తు. నూనె వేస్తే నెలో రెండు నెలలో గడుస్తుంది, ఆ తర్వాత నూనెకు దుమ్ము అంటుకుని ముద్దకట్టి మునుపటి కన్నా ఎక్కువ గోల చేస్తుంది. ఇన్నేళ్లుగా నూనె వేసి డబ్బు తీసుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. ఇకపై వేయము, దొరికితే బాల్ బేరింగ్ ఫ్యాన్ మారుస్తాము.

ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చే మామూలు ఫ్యాన్‌ను నాలుగు ప్లాస్టిక్ పిన్నులు మదర్‌బోర్డుకు పట్టి ఉంచుతాయి. శుభ్రం చేయడానికి దాన్ని తీసి మళ్లీ పెట్టేటప్పుడు ఒక పిన్ను సరిగా దిగకపోయినా ఒక మూల లేచి, ప్రాసెసర్ వేడెక్కి, ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. శుభ్రం చేయించాక చప్పుడు పెరిగిందని మీలో కొందరు చెప్పినప్పుడు, కొత్తగా దుమ్ము చేరి ఉంటుందని మేము సర్దిచెప్పాము. ఆ జవాబు తప్పు. అలా వెళ్లినవారు మళ్లీ తెస్తే పిన్నులు చూసి, వేడి బయటికి పోయేలా ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చి ఇస్తాము, డబ్బు తీసుకోము. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. హార్డ్ డిస్క్‌కు నాలుగు స్క్రూలు బిగించవలసిన చోట రెండే బిగించి పంపిన క్యాబినెట్లు మావే కొన్ని తిరిగి వచ్చాయి. క్యాబినెట్ మీద చెయ్యి ఆనించి నొక్కితే ఝుమ్మన్న మోత ఆగిపోతోందంటే చాలావరకు కారణం ఇలాంటి వదులు బిగింపే.

సన్నటి కీచు శబ్దం మీద మాకు ఇంతకుముందు సరైన అవగాహన లేదు. మౌస్‌తో పేజీని పైకీ కిందికీ జరిపినప్పుడో, ఆట ఆడుతున్నప్పుడో పెరిగి, ఆపగానే తగ్గే కీచు చప్పుడు తిరిగే వస్తువుది కాదు. బోర్డు మీదా ఎస్‌ఎంపీఎస్‌లోనూ తీగ చుట్టిన కాయిళ్లు ఉంటాయి, వాటిలో పారే కరెంటు వేగంగా హెచ్చుతగ్గులు అవుతుంటే ఆ చుట్లు సన్నగా కంపిస్తాయి. వినడానికి చిరాకే కానీ దానివల్ల కంప్యూటర్ చెడదు. ఒక డీటీపీ ఆపరేటర్‌కు ఇదే కారణానికి కొత్త ఎస్‌ఎంపీఎస్ వేయించాను, కీచు అలాగే ఉంది, ఎందుకంటే అది గ్రాఫిక్స్ కార్డులోంచి వచ్చేది. ఆ డబ్బు ఆయనకు తిరిగి ఇచ్చాను.

మిగతావి చిన్నవి. తీగ ఫ్యాన్ రెక్కకు తగిలితే పటపటమంటుంది, తీగను కట్టేస్తే పోతుంది. తెర నల్లగా ఉండి బీప్ బీప్‌మంటే ఎక్కువగా ర్యామ్, అంటే మెమరీ పట్టీ, తన గాడిలో సరిగా కూర్చోలేదన్నమాట. ఒకాయన బీప్ వస్తోందని గుత్తి నుంచి బస్సులో క్యాబినెట్ తెచ్చారు, మా దగ్గర ఎంత సేపు పెట్టినా అది కిక్కురుమనలేదు. బీప్‌మన్నది ఇంట్లో ఉన్న యూపీఎస్, దాని బ్యాటరీకి నాలుగేళ్లు.

ఇప్పుడు మా కొత్త పద్ధతి. చప్పుడు అని తెచ్చిన ప్రతి కంప్యూటర్‌కూ రిజిస్టర్‌లో మీరు వాడిన మాటే రాస్తాము. గరగరనా, టకటకనా, బుయ్యిమనా, కీచుమనా, మీ నోట ఏది వస్తే అదే, మా ఇంగ్లిషు ముక్క కాదు. ఉదయం తొమ్మిదిన్నరకు, వీధి సద్దు మొదలు కాకముందు, వచ్చిన కంప్యూటర్లను ఒక్కొక్కటిగా ఆన్ చేసి వింటాము. చెక్క స్కేలు ఒక కొస డిస్క్ మీద, మరో కొస చెవి దగ్గర పెట్టుకుంటే డాక్టరు గొట్టంతో విన్నట్టే వినిపిస్తుంది. అనుమానం ఉంటే కంప్యూటర్ ఆపి, డిస్క్ తీగలు తీసేసి, మళ్లీ ఆన్ చేస్తాము. అప్పుడూ అదే చప్పుడు ఉంటే డిస్క్ నిర్దోషి. చప్పుడు డిస్క్‌దే అని తేలితే ఇంకే పనీ ముట్టుకోకుండా మీకు ఫోన్ చేసి, మీరు ఒప్పుకున్నాక ముందు ఫైళ్లు కాపీ చేస్తాము. ఆ కాపీ మా దగ్గర ఏడు రోజులు ఉంటుంది, తర్వాత చెరిపేస్తాము, తెరిచి చూడము.

ఇందుకు పరీక్ష చార్జీ 150 రూపాయలు, మరమ్మతు చేయించుకుంటే అది బిల్లులో తగ్గుతుంది. 500 జీబీ లోపు కాపీకి 400. చదవడమే ఆపేసిన డిస్క్‌ను మేము తెరవము, దుమ్ము లేని ప్రత్యేకమైన గదిలో తప్ప దాన్ని విప్పకూడదు, మన ఊరి గాలిలో అసలే కూడదు. అలాంటివి పెద్ద నగరాల్లోని నిపుణులకు పంపాలి, వారు అడిగేది మీ కంప్యూటర్ ధర కన్నా ఎక్కువ కావచ్చని ముందే చెబుతాము. ఫ్రీజర్‌లో పెట్టడం, చేత్తో తట్టడం వంటివి దయచేసి చేయవద్దు. డిస్క్ మార్చవలసి వస్తే, చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ వేయించుకోమనే నా సలహా, దానిలో తిరిగేది ఏదీ లేదు కనుక టకటక అన్న మాటే ఉండదు. కానీ 2012 నాటి కంప్యూటర్లు విండోస్ 11కు అర్హమైనవి కావు, విండోస్ 10కు భద్రతా సవరణలు పంపే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందువల్ల బ్యాంకు పనులు చేసే పాత కంప్యూటర్ మీద రెండు మూడు వేలకు మించి పెట్టే ముందు నన్ను ఒకసారి అడగండి, వద్దనిపిస్తే వద్దనే చెబుతాను.

మీరు చేయవలసింది కొద్దిగానే ఉంది. చప్పుడు వినిపించినప్పుడు ఫోన్‌ను క్యాబినెట్ దగ్గర పెట్టి అర నిమిషం రికార్డు చేయండి, ఎందుకంటే ఇక్కడికి వచ్చాక సగం కంప్యూటర్లు బుద్ధిమంతుల్లా ఉంటాయి. ఆన్ చేయగానే వచ్చిందా, వేడెక్కాక వచ్చిందా, ఫైలు తెరిచినప్పుడు వచ్చిందా గుర్తుపెట్టుకోండి. ఇంట్లో బ్లోయర్ వాడేవారు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని గాలి కొట్టండి, వదిలేస్తే మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పవద్దు, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉంటుంది. టకటక వరుసగా వస్తుంటే కంప్యూటర్ ఆపేసి, ఇక ఆన్ చేయకుండా అలాగే తీసుకురండి. రాత్రి ఎనిమిది లోపు ఇచ్చినవి మర్నాడు ఉదయం వింటాము. మీరే స్వయంగా వినాలనుకుంటే తొమ్మిదిన్నరకు రండి, షట్టర్ సగమే ఎత్తి ఉంటుంది, వంగి లోపలికి వచ్చేయండి.