రివర్స్ పడని కారు, నా పొరపాటు

పోయిన వారం నెల్లూరులో మా షెడ్డుకి బండి తెచ్చినవాళ్లకి పని ఆలస్యమైంది. ఫోన్లు కూడా సరిగ్గా ఎత్తలేదు. కారణం ఒక ఆటోమేటిక్ కారు. తప్పు నాది, అందుకే నేనే చెబుతున్నా.

ఆ కారాయన తిరుమల నుంచి వచ్చి, "అన్నా, ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరు ఎల్‌లో వేసినా ఇంజన్ బండిని పట్టలేదు, బ్రేకు మీదే దిగా" అన్నారు. నేను పట్టించుకోలేదు. పది రోజులకి రివర్స్ పడటం మానేసింది. డీలో మాత్రం ముందుకి బాగానే పోతోంది. గేర్‌బాక్సు ఆయిల్ నల్లబడిందని మార్చి, డబ్బులు తీసుకుని పంపించా. మర్నాడు ఆయన ఇంటి ముందు నలుగురం కలిసి తోస్తే గానీ బండి వెనక్కి రాలేదు.

ఈ గేర్‌బాక్సులో నడుమ సన్ గేరు, దాని చుట్టూ చిన్న గేర్లు, వాటిని మోసే క్యారియర్, బయట రింగు. వీటి పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. దేన్ని తిప్పుతున్నాం, దేన్ని కదలకుండా పట్టుకున్నాం, అంతే తేడా. సన్‌కి 36, రింగుకి 72 పళ్లు అనుకోండి. రింగును పట్టుకుంటే సన్ మూడు చుట్లు తిరిగినప్పుడు క్యారియర్ ఒక చుట్టు తిరుగుతుంది. క్యారియర్‌ని పట్టుకుంటే రింగు ఎదురు తిరుగుతుంది, అదే రివర్స్. తిరిగే రెండింటిని కలిపేది క్లచ్, తిరిగేదాన్ని గేర్‌బాక్సు బయటి డొక్కుకి కట్టేసేది బ్రేకు. ఆ బండిలో రెండూ ఆయిల్‌లో మునిగిన ప్లేట్లే. ఆయిల్ ప్రెషర్‌తో పిస్టన్ వాటిని నొక్కుతుంది.

అది నాలుగు గేర్ల పాత రకం. డీ ఫస్ట్‌లో క్యారియర్‌ని ఆపేది వన్‌వే క్లచ్. సైకిల్ ఫ్రీవీల్ లాగా ఒకవైపే పట్టి, దిగుడులో వదిలేస్తుంది. ఎల్‌కీ రివర్స్‌కీ అదే క్యారియర్‌ని బ్రేకు పట్టాలి. అంటే ఘాట్‌లో ఆయన చెప్పిందీ, తర్వాత రివర్స్ పోయిందీ ఒకటే జబ్బు. ఆ మాట అప్పుడే వినుంటే సరిపోయేది!

విప్పి చూస్తే బ్రేకు పిస్టన్ రబ్బరు సీల్ గట్టిపడి, వంచగానే పుటుక్కున విరిగింది. ప్రెషర్ అక్కడే కారిపోతోంది. ప్లేట్ల మీద పొర గోటితో గీకితే నల్లగా ఊడొచ్చింది. సామాన్లు చెన్నై నుంచి వచ్చేసరికి నాలుగు రోజులు. ఆయిల్ డబ్బులు వెనక్కిచ్చేశా, కూలీ తీసుకోలేదు.

ఇకమీదట ఆటోమేటిక్ బండికి ఫోన్లో రేటు చెప్పను. ముందు పక్కన కూర్చుని ఒక రౌండు తిరిగి చూస్తా. తీసిన ప్లేట్లు కవర్లో పెట్టి మీకే ఇస్తా. బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కురావద్దు. ఇంజన్ ఆగితే పంపు తిరగదు, లోపల ఆయిల్ అందక గేర్లు అరుగుతాయి. లారీ మీద ఎక్కించండి. ఏఎంటీ బండ్ల (క్లచ్, గేరు వాటంతటవే మార్చుకునేవి) సంగతి వేరు, వాటిలో ఉండేది మామూలు గేర్‌బాక్సే.

ఆగిపోయిన రెండు బండ్లూ శనివారం సాయంత్రానికి ఇచ్చేస్తా.