కార్తీకంలో 5.20కే పొద్దుపోతోంది, వీధి లైట్లు కూడా అప్పుడే వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విశాఖ మాధవధార. అమ్మకి ఒంట్లో బాగోక శ్రావణంలో నరసన్నపేట దగ్గర మా ఊరు వెళ్లి, నాగుల చవితి అయ్యాక తిరిగొచ్చాను. హారన్లూ పక్కింటి టీవీ సౌండూ మళ్లీ అలవాటైపోయాయి గానీ ఇక్కడి సాయంత్రాలు మాత్రం అలవాటు కావట్లేదు, ఆ సంగతి రాద్దామనే ఈ ఉత్తరం.

నవంబర్ మూడో వారానికి వైజాగ్‌లో 5.20కల్లా సూర్యుడు దిగిపోతాడు, అదే జూన్‌లో అయితే 6.30 దాటాల్సిందే. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి ఫోన్ చేస్తే అక్కడింకా వెలుతురే ఉందంటాడు, మనం తూర్పున ఉన్నాం కదా, వాళ్లకంటే ఇంచుమించు 20 నిమిషాలు ముందే మనకి పొద్దుపోతుంది. పైగా మా వైపు సింహాచలం కొండ అడ్డం. ఊళ్లో అయితే కోతల రోజుల్లో కూడా చీకటి పడేసరికి అందరూ ఇళ్లకి చేరిపోతారు, ఇబ్బంది ఉండదు. ఇక్కడ అలా కుదరదు కదండీ, పిల్లలు ట్యూషన్లకి వెళ్లేదీ, పనులకెళ్లిన ఆడవాళ్లు బస్సు దిగేదీ, మేం దీపాలు పెట్టడానికి గుడికెళ్లేదీ అంతా ఆ టైములోనే, మా వీధిలో లైట్లు వెలిగేసరికి ఆరు దాటిపోతోంది.

మొన్న సోమవారం అరటి దొప్పలూ, నేతిలో నానబెట్టిన వత్తులూ పట్టుకుని నలుగురం వెళ్తున్నాం. కాలవ మీద పలక ఒకచోట లేదు. పగలు చూస్తే తెలుస్తుంది, ఆ వేళకి నేలా గొయ్యీ ఒకే రంగులో ఉన్నాయి. ముందు నడుస్తున్న పెద్దావిడ కాలు అందులో దిగిపోయింది, చెయ్యి పట్టుకుని లాగాం కాబట్టి మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది, ఆవిడ చేతిలో దొప్పలన్నీ కాలవలో పడిపోయాయి. ఆవిణ్ణి లేపుతుండగానే ఎదురుగా ఎవరో కుర్రాడు లైటు వెయ్యకుండా బండి మీద వచ్చేశాడు, మేమున్నట్టు ఆఖరి నిమిషం దాకా అతనికి కనబడలేదు. నాకు ఇప్పటికీ గుండె దడగానే ఉంది.

లైట్ల సంగతి చూసేవాళ్లకి చెబితే టైమర్ ఉందమ్మా, దానంతట అదే వెలుగుతుంది అన్నారు. టైమర్ పెట్టింది మనుషులే కదా, మార్చొచ్చు కదా. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్‌లో స్తంభాలు కూల్చేశాక సిటీ అంతా ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి, వీటికి కరెంటు ఖర్చు కూడా తక్కువే, ఓ ముప్పావుగంట ముందు వేస్తే వచ్చే నష్టమేంటో నాకైతే అర్థం కావట్లేదు. పంచాంగంలో ప్రతి రోజూ సూర్యాస్తమయం టైము ఉంటుంది, దాని ప్రకారం నెలకోసారి మార్చినా చాలు.

పొద్దున్న కూడా ఇదే గొడవ. మార్గశిరం వస్తోంది, గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి తెల్లారకుండానే ఆడవాళ్లు బయల్దేరతారు, అప్పటికి సూర్యుడు రావడం ఆరు దాటాకే. అందుకని సాయంత్రం 5.15కి వేసి పొద్దున్న 6.15 దాకా ఉంచమని, ఆ పలక కూడా వెంటనే వేయించమని అధికారుల్ని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. మిగతా కొండవాలు కాలనీల వాళ్లు కూడా మీ దగ్గర ఎన్నింటికి వెలుగుతున్నాయో చూసి రాయండి.

ఒక గృహిణి, మాధవధార, విశాఖపట్నం